పొట్టి రైఫిల్ కావాలంటే: బారెల్ తగ్గించాలా, బోల్టును వెనక్కి జరపాలా?

తూర్పుకనుమ:

అందరికీ నమస్కారం. సైనిక రైఫిల్‌ను పొట్టిగా చేయడానికి నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మామూలు రైఫిల్‌నే తీసుకుని బారెల్ తగ్గించి, బట్‌ను (భుజానికి ఆనించే వెనకభాగాన్ని) లోపలికి జరిగేలానో పక్కకు మడిచేలానో చేయడం. అమెరికా ఎం4, రష్యా ఏకేఎస్-74యు ఈ దారివి. రెండోది, బోల్టునూ (తూటాను లోపలికి తోసి వెనకనుంచి మూసే భాగాన్ని) మ్యాగజైన్‌నూ ట్రిగ్గర్ వెనక్కి తీసుకెళ్లి బట్‌లోనే ఇమడ్చడం, అంటే బుల్‌పప్. స్టయర్ ఆగ్, ఫామాస్, ఎల్85, టావోర్ ఈ కోవలోవి.

కొలతలు మాత్రమే చూస్తే బుల్‌పప్‌కు తిరుగులేదు. 508 మి.మీ. బారెల్ ఉన్న ఎం16ఏ2 మొత్తం పొడవు 1,003 మి.మీ. అంతే బారెల్‌తో ఆగ్ 790 మి.మీ.లో సరిపోతుంది. బారెల్ ఒక్క మి.మీ. కూడా కోల్పోకుండా 213 మి.మీ. కలిసొచ్చినట్టే. ఇంత లాభం ఉంటే సైన్యాలు వెనక్కి ఎందుకు మళ్లుతున్నాయి? ఫ్రాన్స్ 2016లో ఫామాస్ స్థానానికి హెచ్‌కే416ఎఫ్‌ను ఎంచుకుంది. న్యూజిలాండ్ స్టయర్‌ను వదిలి మామూలు అమరిక ఉన్న మార్స్-ఎల్‌కు వెళ్లింది. క్యూబీజెడ్-95తో ఇరవై ఏళ్లు నడిచిన చైనా 2019 అక్టోబర్ కవాతులో చూపించిన క్యూబీజెడ్-191లో మ్యాగజైన్ మళ్లీ ట్రిగ్గర్ ముందుకొచ్చేసింది. మన దగ్గర మాత్రం ప్రత్యేక దళాల చేతుల్లో టావోర్, సీఆర్‌పీఎఫ్ కోబ్రా జవాన్ల చేతుల్లో ఎక్స్95 ఉన్నాయి.

నా సందేహాలు మూడు. బారెల్ తగ్గితే నిజంగా పోయేదెంత? పొట్టి బారెల్ రైఫిళ్లు ఎక్కువగా మొరాయిస్తాయంటారు, కారణం ఏమిటి? బుల్‌పప్‌లో అసలు ఇబ్బంది ఎక్కడ? "అది బాగుంటుంది, ఇది బాగోదు" అనే మాటలు చాలా చదివాను. అంకెలతో చెప్పగలిగినవారు చెప్తే మేలు.


లెక్కల_పలక:

బారెల్ సంగతి నేను చెప్తాను.

5.56×45 తూటా (మొదటి అంకె తూటా లావు, రెండోది షెల్ పొడవు, మి.మీ.లలో) సన్నటిది, తేలికైనది, వెనకున్న మందు మాత్రం దండిగా ఉంటుంది. ఆ మందు మండి తూటాను నెట్టడానికి పొడవాటి గొట్టం కావాలి. ఎం855 రకం తూటా 508 మి.మీ. బారెల్ నుంచి సెకనుకు సుమారు 948 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. ఎం4లోని 368 మి.మీ. బారెల్ నుంచి 905 మీటర్లు. బారెల్‌ను 262 మి.మీ.కు దించిన ఎంకే18లో 790 మీటర్ల దరిదాపుల్లోకి పడిపోతుంది. గమనించండి, మొదటి 140 మి.మీ. కోతకు పోయింది 43 మీటర్లే. ఆ తర్వాతి 106 మి.మీ. కోతకు వంద మీటర్లకు పైగా పోయింది. నష్టం సమానంగా పెరగదు. 350 మి.మీ. దాకా ఓర్చుకోవచ్చు, 300 దిగువకు వెళ్లేకొద్దీ ప్రతి సెంటీమీటర్‌కూ భారీగా చెల్లించుకోవాలి.

ఈ వేగానికి ఇంత పట్టింపు ఎందుకంటే, 5.56 తూటా పనంతా వేగం మీదే ఆధారపడింది. పాత ఎం193, ఎం855 తూటాలు తగిలినచోట అడ్డం తిరిగి, మధ్యలోని గాడి దగ్గర విరిగి ముక్కలవుతాయి. అలా విరగడానికి తగిలే క్షణంలో సెకనుకు దాదాపు 820 మీటర్లు ఉండాలి. ప్రతి వంద మీటర్ల ప్రయాణానికీ ఎం855 ఎనభై మీటర్లకు పైగా వేగం పోగొట్టుకుంటుంది. అంటే ఎం16తో 150 మీటర్ల దాకా, ఎం4తో వంద మీటర్ల దాకా ఆ గీతకు పైన ఉంటాం. ఎంకే18లో తూటా బారెల్ దాటేసరికే ఆ గీతకు కిందుంటుంది. అప్పుడది సన్నటి రంధ్రం చేసుకుంటూ వెళ్లిపోయే అవకాశం ఎక్కువ. సోమాలియాలో, అఫ్గానిస్థాన్‌లో పొట్టి బారెళ్ల గురించి వచ్చిన ఫిర్యాదుల వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

దీనికి అమెరికన్లు వెతికిన పరిష్కారం తూటాను మార్చడం. 2010లో వచ్చిన ఎం855ఏ1ను ఎం4 బారెల్‌ను దృష్టిలో పెట్టుకునే చేశారు. తక్కువ వేగంలోనూ విచ్చుకుంటుంది. కానీ చాంబర్ (తూటా పేలే గది) ఒత్తిడి పెంచారు, బయటికి కనిపించే ఉక్కు మొన పెట్టారు. ఒత్తిడి వల్ల బోల్టు త్వరగా అరుగుతుంది. ఆ మొన మ్యాగజైన్ నుంచి పైకెక్కేటప్పుడు చాంబర్ కింది వాలును గీరుతుంది. అందుకే తూటా కాస్త నిటారుగా లేచేలా మ్యాగజైన్‌ను కూడా కొత్తగా చేయాల్సి వచ్చింది. పొట్టి బారెల్ కోసం మొదలైన మార్పు మ్యాగజైన్ దాకా పాకింది.

రష్యా వైపు అంకెలు ఇంకా స్పష్టంగా ఉంటాయి, ఒకే కుటుంబంలో మూడు కొలతలు దొరుకుతాయి కాబట్టి. 5.45 తూటాకు 415 మి.మీ. ఏకే-74లో సెకనుకు 900 మీటర్లు, 314 మి.మీ. ఏకే-105లో 840, 206 మి.మీ. ఏకేఎస్-74యులో 735. అదే 7.62×39 అయితే 415 మి.మీ. ఏకేఎంలో 715, 314 మి.మీ. ఏకే-104లో 670. పది సెంటీమీటర్లు తీసేస్తే 5.45కు 60 పోయింది, 7.62కు 45. పైగా 7.62×39 తూటా బరువైనది, దాని పని అంతగా వేగాన్ని నమ్ముకుని లేదు. కాబట్టి "పొట్టి బారెల్ మంచిదేనా" అని విడిగా అడిగితే జవాబు ఉండదు, ఏ తూటాకు అని కూడా అడగాలి.

మొదటినుంచీ పొట్టి గొట్టం కోసమే పుట్టిన తూటా .300 బ్లాక్‌అవుట్. 230 మి.మీ. బారెల్‌లోనే దాని మందు దాదాపుగా మండిపోతుంది. 5.56 బోల్టు, మ్యాగజైన్ అవే పనికొస్తాయి, బారెల్ ఒక్కటి మారిస్తే చాలు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఈ తూటా పొరపాటున 5.56 బారెల్‌లోకి ఎక్కి పేలితే రైఫిల్ బద్దలవుతుంది. రెండూ వాడే దళాలు మ్యాగజైన్లకు వేర్వేరు రంగులు, పట్టీలు వేసుకునేది అందుకే.

బారెల్ తగ్గితే గురి చెడుతుందన్న మాట మాత్రం నమ్మకండి. పొట్టి బారెల్ గట్టిగా ఉంటుంది, తక్కువ వణుకుతుంది. తూటాలు దగ్గర దగ్గరగానే పడతాయి. మారేది తూటా కిందికి వంగే తీరు, గాలికి పక్కకు జరిగే దూరం.


ఆర్మరర్_బల్ల:

లెక్కల_పలక గారు తూటా గురించి చెప్పారు, నేను తుపాకీ లోపలికి వెళ్తాను. నా ఉద్దేశంలో పొట్టి బారెల్‌కు అసలు జబ్బు గ్యాస్ దగ్గర ఉంది. వేగం తగ్గడాన్ని తట్టుకోవచ్చు. ఎదురుకాల్పుల మధ్యలో ఖాళీ షెల్ (తూటా పోయాక మిగిలే గుల్ల) చాంబర్‌లో ఇరుక్కుంటే తట్టుకోలేం.

ఈ రైఫిళ్లలో పేలుడు గ్యాస్‌లో కొంత బారెల్‌లోని చిన్న రంధ్రంలోంచి గొట్టం ద్వారా వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. ఎం16లో ఆ గ్యాస్ రంధ్రం చాంబర్‌కు సుమారు 330 మి.మీ. దూరంలో ఉంటుంది. ఎం4లో దాన్ని 190 మి.మీ.కు దగ్గరకు తెచ్చారు. అక్కడ గ్యాస్ ఒత్తిడి చాలా ఎక్కువ, గొట్టమేమో పొట్టిది. ఫలితంగా బోల్టు ముందుగానే, వేగంగా తెరుచుకుంటుంది. కాల్చిన వెంటనే ఇత్తడి షెల్ ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుని ఉంటుంది. ఒత్తిడి తగ్గాక కొద్దిగా కుంచించుకుంటే సులువుగా ఊడి వస్తుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా లాగితే ఏమవుతుంది? షెల్‌ను లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం షెల్ అంచు మీంచి జారిపోతుంది, లేదా అంచునే చింపుకుని వస్తుంది. షెల్ లోపలే ఉండిపోతుంది, వెనకనుంచి కొత్త తూటా దూసుకొచ్చి దానికి గుద్దుకుంటుంది. బట్‌ను నేలకు మోది చార్జింగ్ హ్యాండిల్ లాగాలి. అదీ కుదరకపోతే బారెల్ ముందునుంచి కడ్డీ దూర్చాలి.

దీనికి చేసిన మరమ్మతులన్నీ చిన్నవే, పని చేసేవే. ఎక్స్‌ట్రాక్టర్ కింద బలమైన స్ప్రింగు, దాని లోపల గట్టి రబ్బరు బిళ్ల. బోల్టు వేగం తగ్గించడానికి బట్ గొట్టంలో బరువైన బఫర్ (బోల్టు వెనక్కి వచ్చే దెబ్బను ఆపే దిమ్మ). ఈ రెండూ సరిగా ఉన్నాయో లేదో చూడకుండా రైఫిల్‌ను తిట్టడం న్యాయం కాదు.

ఇక ఎంకే18 లాంటి వాటిలో ఇంకో చిక్కు ఉంది. గ్యాస్ రంధ్రం దాటాక తూటా బారెల్‌లో ఉండే దూరం బాగా తక్కువ. ఎం4లో ఆ దూరం 175 మి.మీ. పైమాటే. ఎంకే18లో 70 మి.మీ. చుట్టుపక్కల. తూటా బయటపడగానే గ్యాస్ అంతా ముందునుంచి పోతుంది, బోల్టును నెట్టడానికి దొరికే సమయం సగానికంటే తక్కువ. అందుకని గ్యాస్ రంధ్రాన్ని పెద్దది చేస్తారు, ఎం4లో 1.6 మి.మీ. ఉంటే ఇందులో 1.8. అంటే తక్కువ సమయంలో ఎక్కువ గ్యాస్ కొట్టించి పని నడిపిస్తున్నాం. కొత్తలో బాగానే నడుస్తుంది. కాల్చేకొద్దీ ఆ రంధ్రం అంచులు కరిగి ఇంకా పెద్దదవుతుంది, బోల్టు ఇంకా వేగం పుంజుకుంటుంది. తర్వాత పగుళ్లు. బోల్టు ముందుభాగంలోని పళ్లు, బోల్టును తిప్పే క్యామ్ పిన్ను దూరే రంధ్రం చుట్టూ ఉన్న పలచటి గోడ, ఈ రెండు చోట్లే మొదట చీలిక కనిపిస్తుంది. శుభ్రం చేసిన ప్రతిసారీ వెలుతురులో తిప్పి చూడాల్సినవి ఇవి. పొట్టి బారెల్ రైఫిల్‌లో బోల్టును మామూలు ఎం4 కంటే ముందే మార్చేయాలి.

బయటినుంచి పసిగట్టడానికి ఒక గుర్తు ఉంది. ఈ రకం రైఫిల్‌లో ఖాళీ షెల్లు కుడిపక్కకు, కొంచెం వెనక్కి, గడియారంలో మూడు నుంచి నాలుగున్నర వైపు పడాలి. ఒంటిగంట, రెండు వైపు, అంటే ముందుకు ఎగిరిపడుతుంటే గ్యాస్ ఎక్కువై బోల్టు పరుగెడుతోందని అర్థం. ఐదు గంటల వైపు బలహీనంగా జారుతుంటే గ్యాస్ చాలడం లేదు. బఫర్ బరువు, తూటా రకం మారితే ఇది కూడా కొంచెం మారుతుంది కాబట్టి దీన్ని మొదటి అనుమానంగా తీసుకోండి, తుది తీర్పుగా కాదు.

మ్యాగజైన్‌ను కూడా మరవద్దు. బోల్టు వేగం పెరిగితే మ్యాగజైన్ స్ప్రింగు తూటాను పైకి తెచ్చేలోపే బోల్టు దాటిపోతుంది. "తూటా ఎక్కలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అలసిపోయిన స్ప్రింగు. మ్యాగజైన్‌కు నంబరు రాసి, రెండుసార్లు తప్పు చేసినదాన్ని పక్కన పడేస్తే సగం గొడవ తీరుతుంది.

రష్యన్లు ఏకేఎస్-74యులో ఇదే సమస్యను వేరేలా పరిష్కరించారు. 206 మి.మీ. బారెల్ చివర లావుపాటి డబ్బా లాంటిది బిగించారు. గ్యాస్ అందులో క్షణకాలం ఆగి ఒత్తిడి నిలబెడుతుంది, దాంతో పిస్టన్‌కు (గ్యాస్ నెట్టే కడ్డీకి) సరిపడా తోపు దొరుకుతుంది. అది లేకుండా ఆ తుపాకీ నమ్మకంగా తిరగదు. తూటా నిలకడ కోసం దాన్ని గిరగిర తిప్పే బారెల్ లోపలి గాళ్ల మెలికను కూడా 200 మి.మీ.కు ఒక చుట్టు నుంచి 160కి బిగించారు.

ఎం4 తరహాదే అయిన హెచ్‌కే416 దారి కూడా పిస్టన్. గ్యాస్ ముందే ఆగిపోతుంది, మసి బోల్టు దాకా రాదు, 264 మి.మీ. బారెల్‌తోనూ ఒకే తీరున తిరుగుతుంది. బదులుగా ముందువైపు బరువు పెరుగుతుంది. పిస్టన్ పైనుంచి కొట్టడం వల్ల బోల్టు క్యారియర్ వెనకభాగం కిందికి ఒరిగి బఫర్ గొట్టాన్ని రాసుకునే గుణం ఉంది, దానికి తగ్గట్టు క్యారియర్ ఆకారం మార్చాలి.

వేడి గురించి ఒక్కమాట. ఎం4ను ఆగకుండా వాడాల్సిన వేగం నిమిషానికి 12 నుంచి 15 రౌండ్లే. 2008లో అఫ్గానిస్థాన్‌లోని వనత్ పోరు తర్వాత ఎం4లు వేడెక్కి ఆగిపోయాయన్న చర్చ పెద్దగా నడిచింది. పలచటి బారెల్ ఉన్న కార్బైన్ (పొట్టి రైఫిల్) చేత మెషిన్ గన్ పని చేయిస్తే ఏ కంపెనీదైనా అంతే. తర్వాత అమెరికా సైన్యం బరువైన బారెల్ ఉన్న ఎం4ఏ1కు మారింది. పొట్టి రైఫిల్‌లో తేలిక బరువు కావాలంటే కాల్చే తీరును అదుపులో పెట్టుకోవాలి.


కుడిచెంప:

బుల్‌పప్‌లో ఇబ్బంది ఎక్కడ అన్న మూడో ప్రశ్నకు వస్తాను. తూర్పుకనుమ గారూ, మీరు చూపిన 213 మి.మీ. లాభం నిజమే. అది ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఖర్చు కూడా అక్కడే కనిపిస్తుంది. బోల్టు, చాంబర్, షెల్ బయటపడే కిటికీ అన్నీ చెంప పక్కకు వచ్చాయి.

మొదటి ఖర్చు భుజం మార్పు. కుడిపక్కకు షెల్లు విసిరే బుల్‌పప్‌ను ఎడమ భుజాన పెడితే వేడి ఇత్తడి దవడకు తగులుతుంది. ఎల్85లో అయితే కుడిపక్కన ముందుకూ వెనక్కూ కొట్టుకునే హ్యాండిల్ కూడా ఉంటుంది, ఎడమ భుజం నుంచి కాల్చడం కుదరదు. ఆగ్, టావోర్, ఫామాస్‌లను ఎడమచేతివాటం వాళ్లకు తగ్గట్టు మార్చుకోవచ్చు. కానీ అది తుపాకీ విప్పి చేసే మార్పు, ఆగ్‌కూ టావోర్‌కూ బోల్టునే మార్చాలి. అది ఎడమచేతి సైనికుడి సమస్యను తీరుస్తుంది. ఎడమవైపు గోడ మూల దగ్గర నిలబడ్డ కుడిచేతి సైనికుడి సమస్యను తీర్చదు. అతను భుజం మార్చలేక ఒంట్లో సగం బయటపెట్టి కాల్చాలి. ఇళ్లలో పోరాటానికి అని పొట్టి రైఫిల్ ఇచ్చి, ఇళ్లలోనే ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితిలో ఈ లోటు మిగలడం చిన్న విషయం కాదు. క్రొయేషియా వీహెచ్‌ఎస్-2లో కిటికీ వైపు మార్చుకునే ఏర్పాటు ఉంది, బెల్జియం ఎఫ్2000 షెల్లను ముందుకు పంపించి పడేస్తుంది. పరిష్కారాలు లేవని కాదు, ప్రతి పరిష్కారానికీ భాగాలు పెరుగుతాయి.

రెండోది మ్యాగజైన్ మార్పు. ఎం4లో కుడి చూపుడువేలు గుండీ నొక్కితే ఖాళీ మ్యాగజైన్ కింద పడుతుంది, ఎడమచేయి కొత్తది తెచ్చి కళ్ల ఎదుటే ఎక్కిస్తుంది. బుల్‌పప్‌లో మ్యాగజైన్ చంక కింద ఉంటుంది. మోచేయి వెనక్కి మడవాలి, రొమ్ము కవచం అడ్డొస్తుంది. బోర్లా పడుకున్నప్పుడు ఇంకా కష్టం. సాధన చేస్తే వేగం వస్తుంది, అందులో సందేహం లేదు. కాకపోతే అదే సాధన మామూలు రైఫిల్ మీద చేసినవాడు ఇంకా ముందుంటాడు.

మూడోది ట్రిగ్గర్. ముందున్న ట్రిగ్గర్‌కూ వెనకున్న హ్యామర్‌కూ మధ్య పొడవాటి కడ్డీ ఉంటుంది. అది వంగుతుంది, రాసుకుంటుంది. టావోర్ ట్రిగ్గర్‌కు నాలుగు కిలోలకు పైగా బలం పెట్టాలి. గది దూరంలో తేడా తెలియదు, 300 మీటర్ల గురిలో తెలుస్తుంది.

నాలుగోది, నా దృష్టిలో సైన్యాలను నిజంగా వెనక్కి మళ్లించింది, బట్. ఎం4 బట్‌ను నాలుగైదు మెట్లలో జరుపుకోవచ్చు. మందపాటి కవచం పలక తొడిగితే ఒక మెట్టు లోపలికి, చలికోటు వేసుకుంటే ఇంకో మెట్టు. బుల్‌పప్‌లో బట్ లోపలే యంత్రం ఉంది, దాన్ని పొట్టి చేయలేం. పొట్టి మనిషి, లావు కవచం, పొడవు బట్ కలిస్తే కన్ను గురి చూసే అద్దానికి అందదు. 1970లలో ఆగ్, ఫామాస్ గీసినప్పుడు ప్రతి సైనికుడూ పలకలు తొడుక్కుంటాడని ఎవరూ లెక్కవేయలేదు. అప్పుడు రైఫిల్ మీద లేజర్, రాత్రి చూపు పరికరం, టార్చి కూడా లేవు. ఇప్పుడవన్నీ ముందు పట్టా మీద కూర్చోవాలి. బుల్‌పప్‌కు ముందువైపు ఉండేదే జానెడు.

మెచ్చుకోవాల్సినవి కూడా చెప్పాలి. బరువు భుజం దగ్గర ఉండటంతో ఒంటిచేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తలుపు తీయడం, తాడు పట్టుకోవడం తేలిక. వాహనంలోంచి దూకేటప్పుడు గొట్టం దేనికీ తగలదు. టావోర్ టార్-21లో 460 మి.మీ. బారెల్, మొత్తం పొడవు 720. బట్ పూర్తిగా లోపలికి తోసిన ఎం4 757, బారెల్ 368. టావోర్ 37 మి.మీ. పొట్టి, బారెల్ 92 మి.మీ. పొడుగు, పైగా బట్ తీయనక్కర్లేకుండా కాల్చడానికి ఎప్పుడూ సిద్ధం. పారాచూట్ దళాలకూ కవచ వాహనాల్లో తిరిగేవారికీ ఇది పెద్ద వరం.

ఎల్85 చెడ్డపేరును మాత్రం బుల్‌పప్ అమరిక మీద వేయకండి. 1985లో వచ్చి, 1991 గల్ఫ్ యుద్ధంలో ఇసుకకు మొరాయించింది. తర్వాత హెక్లర్ అండ్ కోక్ దాదాపు రెండు లక్షల రైఫిళ్లకు బోల్టు, ఎక్స్‌ట్రాక్టర్, ఫైరింగ్ పిన్ను, మ్యాగజైన్ మార్చి ఏ2గా తిరిగిచ్చింది. కామా ఆకారపు కొత్త హ్యాండిల్ పెట్టింది కూడా షెల్లు తగిలి వెనక్కి రాకుండా పక్కకు పోవాలనే. ఆ తర్వాత అది నమ్మదగిన తుపాకీయే, దృశ్యదర్శినితో (గురి అద్దంతో), నిండు మ్యాగజైన్‌తో అయిదు కిలోల బరువు తప్ప. అవన్నీ తయారీ లోపాలు. ఫామాస్‌ను వదలడానికీ సగం కారణం వేరే. దానికి ఉక్కు షెల్ ఉన్న ఫ్రెంచ్ తూటా కావాలి, మిగతా నాటో దేశాల ఇత్తడి తూటాతో పేచీ. మ్యాగజైన్ 25 రౌండ్లది. తయారుచేసిన సెయింట్ ఎటియెన్ కర్మాగారమే మూతపడింది.


తూర్పుకనుమ:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆర్మరర్_బల్ల గారు చెప్పిన షెల్లు పడే దిక్కు సంగతి నాకు కొత్త. ఒక అనుబంధ ప్రశ్న. మన సైన్యం 2022లో 4.25 లక్షల సీక్యూబీ (దగ్గరి పోరు) కార్బైన్ల కోసం టెండరు పిలిచింది, అడిగిన దూరం 200 మీటర్లు. ఇన్సాస్ స్థానంలో ఏకే-203, సిగ్ 716 వస్తూ ఉండగా మళ్లీ వేరే కార్బైన్ ఎందుకు? ఒకే పొట్టి రైఫిల్ అందరికీ ఇస్తే సరిపోదా?


దండకారణ్యం:

తూర్పుకనుమ అన్నా, ఆ 200 మీటర్ల అంకెలోనే జవాబు ఉంది. లెక్కల_పలక గారి లెక్క ప్రకారం పొట్టి బారెల్ 5.56తో అంతకంటే ఎక్కువ అడగడం అన్యాయం, కార్బైన్ పనికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా.

సిగ్ 716 ఉన్నది 7.62×51 కోసం. 406 మి.మీ. బారెల్, దూరపు కొండ మీద శత్రువుకు. నియంత్రణ రేఖ మీద దాన్ని మించింది లేదు. గదిలోకి వెళ్తే అదే బరువు, అదే దెబ్బ భారం. మోసే తూటాలు కూడా తగ్గుతాయి. హైదరాబాద్ ద్వీపా ఆర్మర్‌తో కలిసి డీఆర్‌డీవో 2024 జనవరిలో చూపించిన ఉగ్రం కూడా ఆ తూటాదే, నాలుగు కిలోల లోపు, 20 రౌండ్ల మ్యాగజైన్. ఆ తూటాను పొట్టి బారెల్‌లో పెడితే మంట, మోత భరించలేం. అమెథీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203 మధ్యేమార్గం. 415 మి.మీ. బారెల్, బట్ పక్కకు మడుస్తుంది, మడిచినా కాలుతుంది. ఎం4కు ఈ వీలు లేదు, బఫర్ గొట్టం బట్ లోపలే ఉంది కాబట్టి మడవలేం. వాహనం డ్రైవర్‌కూ సిగ్నల్ జవానుకూ నాకైతే మడత బట్ ఉన్న ఏకే చాలనిపిస్తుంది.

ఇక పాత 9 మి.మీ. స్టెర్లింగ్ కార్బైన్ ఖాళీ చేసిన చోటు ఉంది. దానికి హైదరాబాద్‌లోనే లోకేశ్ మెషిన్స్ తయారుచేసే అస్మి లాంటి 9 మి.మీ. మెషిన్ పిస్టల్ ఒక జవాబు. రెండున్నర కిలోల లోపు బరువు, చౌక. కానీ 9 మి.మీ. తూటాను మెత్తటి కవచం ఆపేస్తుంది. పొట్టి బారెల్ 5.56 ఎంత నెమ్మదించినా ఆ కవచాన్ని దాటుతుంది. ఎదుటివాడు కవచం వేసుకునే కాలంలో కార్బైన్‌కు రైఫిల్ తూటాయే కావాలని సైన్యాలు పట్టుబట్టేది ఇందుకే. పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ చేసిన జేవీపీసీ కార్బైన్ మధ్యలో నిలిచింది, దానిది 5.56×30 తూటా, మ్యాగజైన్ పిడిలోనే కూర్చుంటుంది. తుపాకీ చేతికి బాగా ఒదుగుతుంది. కానీ ఆ తూటా ఇంకే రైఫిల్‌లోనూ పనికిరాదు. దళంలో ఒకరి దగ్గర అయిపోతే పక్కవాడు ఇవ్వలేడు. అడవిలో పది రోజుల పనికి వెళ్లే దళానికి ఇది ప్రాణం మీదికి వచ్చే లోటు.

కోబ్రా ఎక్స్95ను ఇష్టపడటానికి కారణం కూడా అడవే. 330 మి.మీ. బారెల్, మొత్తం 580 మి.మీ. వెదురు పొదలు, తీగలు ఉన్నచోట వంగి నడిచేటప్పుడు గొట్టం దేనికీ చిక్కుకోదు. అక్కడ చూపు ఆనేదే యాభై, వంద మీటర్లు. ఒక జాగ్రత్త, ఆ తుపాకీలో ముందుచెయ్యికీ బారెల్ మూతికీ దూరం చాలా తక్కువ. వేళ్లు ముందుకు జారకుండా చూసుకోవాలి.

ఫ్రాన్స్ ఏం చేసిందో కూడా చూడు. 93,080 హెచ్‌కే416ఎఫ్‌లలో 54,575 మామూలు రకం, 368 మి.మీ. బారెల్‌వి. 38,505 పొట్టివి, 279 మి.మీ.వి. భాగాలు, మ్యాగజైన్, తర్ఫీదు ఒకటే, బారెల్ వేరు. అందరికీ ఒకే పొడవు అన్న ఆలోచన కంటే ఇది తెలివైనది.


లెక్కల_పలక:

దండకారణ్యం గారి మాటకు ఒక చేర్పు. గది దూరంలో గురి తప్పడానికి పొట్టి బారెల్‌ను నిందించేవారు చాలామంది ఉన్నారు. అసలు కారణం దృశ్యదర్శిని ఎత్తు. ఎం4 తరహా రైఫిల్‌లో అద్దం మధ్యభాగం బారెల్‌కు సుమారు 66 మి.మీ. పైన ఉంటుంది. 50 మీటర్లకు సరిచేసిన రైఫిల్‌తో 5 మీటర్లలో కాలిస్తే తూటా గురి పెట్టిన చోటికి 60 మి.మీ. కింద తగులుతుంది. తలుపు సందులోంచి, కారు బానెట్ మీంచి కాల్చేటప్పుడు అద్దంలోని గురి చుక్క ఖాళీలో కనిపిస్తుంది, తూటా మాత్రం అడ్డుకు తగులుతుంది. బుల్‌పప్‌లోనూ ఇదే లెక్క.


గోదారిగట్టు:

సైలెన్సర్ గురించి ఎవరూ అనలేదేం? ఇప్పుడు చాలా సైన్యాలు దాన్ని మామూలు సామానుగా ఇస్తున్నాయి కదా. అది కలిస్తే ఈ పోలిక మారుతుందా?


ఆర్మరర్_బల్ల:

బాగా మారుతుంది, గోదారిగట్టు గారూ. 262 మి.మీ. బారెల్‌కు సైలెన్సర్ బిగిస్తే 110 నుంచి 150 మి.మీ. పెరుగుతుంది. ఎం4 కంటే బారెల్‌లో తగ్గించిన 106 మి.మీ. అక్కడికక్కడే చెల్లు. పొడవు మళ్లీ ఎం4దే, వేగం మాత్రం ఎంకే18ది. మోత, మంట తగ్గడం ఒక్కటే లాభం. గదిలో అది పెద్ద లాభమే, పొట్టి బారెల్ పేలుడుకు పక్కవాడి చెవులు దిబ్బడేస్తాయి.

కానీ సైలెన్సర్ గ్యాస్‌ను వెనక్కి తోస్తుంది. నేను పైన చెప్పిన జబ్బులన్నీ, బోల్టు వేగం, మసి, ఎక్స్‌ట్రాక్టర్ జారడం, ఒక మెట్టు పైకి ఎక్కుతాయి. సైలెన్సర్ ఎప్పుడూ ఉండే రైఫిల్‌కు గ్యాస్ రంధ్రం చిన్నదిగా ఉండాలి, లేదా మార్చుకునే గ్యాస్ మీట ఉండాలి. అప్పుడప్పుడు తగిలించే రైఫిల్‌లో రెండు పరిస్థితులకూ ఒకే రంధ్రం సరిపడదు. తగిలించిన ప్రతిసారీ గురి కూడా సరిచూసుకోవాలి, తూటా పడేచోటు జరుగుతుంది.

బుల్‌పప్‌లో ఇదే గ్యాస్ కుడిచెంప గారు చెప్పిన కిటికీలోంచి నేరుగా ముఖానికి వస్తుంది. కళ్లు మండుతాయి, రెండో మ్యాగజైన్‌కల్లా గురి చూడటం కష్టం. పొడవు పరంగా చూస్తే సైలెన్సర్‌కు బుల్‌పప్‌కంటే తగిన జోడీ లేదు, టావోర్‌కు తగిలించినా 870 మి.మీ. దాటదు. గ్యాస్ పరంగా చూస్తే ఇంతకంటే చెడ్డ జోడీ లేదు.

అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న ఎక్స్‌ఎం7ను చూస్తే ఈ చిక్కుముడి మొత్తం ఒకేచోట కనిపిస్తుంది. 330 మి.మీ. పొట్టి బారెల్, సైలెన్సర్ తప్పనిసరి. బారెల్ తగ్గినా వేగం తగ్గకూడదని 6.8×51 తూటాలో చాంబర్ ఒత్తిడిని 80,000 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లకు) పెంచారు, 5.56కు అది 62,000 చుట్టుపక్కల. అంత ఒత్తిడికి ఇత్తడి ఒక్కటే ఆగదని షెల్ అడుగున ఉక్కు పెట్టారు. రైఫిల్ 3.8 కిలోలు, సైలెన్సర్‌తో నాలుగున్నర. మ్యాగజైన్‌లో 20 రౌండ్లు. ఎం4తో సైనికుడు 210 రౌండ్లు మోసేవాడు, దీనితో 140.